దారెక్కడ

రాత్రంతా క్యాజువాలిటీలో నిలబడ్డ కాళ్ళని
పొద్దున్నే లెక్చర్ హాల్లో కూర్చోబెట్టి
తలా నాలుగు పేజీలు పంచారు.
పేరు రాయక్కర్లేదట.
ఇక్కడి చదువు వాతావరణం మీద
మా మనసులో మాట కావాలట.
యాభై వాక్యాలు. ప్రతిదాని పక్కనా
సున్నా నుంచి నాలుగు దాకా అంకెలు,
ఏదో ఒకదాని చుట్టూ గీత చుట్టాలి.

వాతావరణమా?
మే నెల మద్రాసు.
కిటికీలోంచి కూవం వాసన, పార్క్ స్టేషన్ రైలు కూత,
యాప్రాన్ కింద చెమటచుక్క
ఒక్కో వెన్నుపూసనీ పేరుపెట్టి పిలుచుకుంటూ దిగుతోంది.

ఒకటి. అధ్యాపకులకు విషయం క్షుణ్ణంగా తెలుసు.
నాలుగు. అనుమానమే లేదు.
సౌందరపాండియన్ సారు పొట్ట మీద వేలితో రెండు తట్లు తట్టి
లోపల నీళ్ళెంతున్నాయో చెప్పేస్తాడు,
మా అమ్మ బిందె చూసి చెప్పినట్టు.

తొమ్మిది. ప్రశ్న అడగడానికి నాకు భయం లేదు.
పెన్ను ఆగింది.
అదే వేలు యాళిని వైపు తిరిగిన రోజు...
"నీకు సీటిచ్చినవాణ్ణి ఒకసారి చూడాలమ్మా."
ముప్ఫైమంది నవ్వారు. నేనూ నవ్వాను,
నవ్వకపోతే తర్వాతి ప్రశ్న నా మీదికొస్తుందని.
ఆ రాత్రి మెస్‌లో దాని కంచంలో
సాంబారు తెట్టుకట్టి అలాగే ఉండిపోయింది.
ఒకటి చుట్టాను. కొట్టేసి, రెండు చుట్టాను.
పేరు రాయక్కర్లేదు సరే,
నేను చుట్టే గీతకి కూడా నా చేతిరాత ఉంటుందేమో.

పక్కన యాళిని
చదవకుండానే నాలుగు, నాలుగు, నాలుగు చుట్టుకుంటూ పోతోంది.
ఆకలేస్తోందట.

పదిహేడు. రోగితో మాట్లాడే నేర్పు ఇక్కడ నేర్పుతారు.
ఎవరు?
వెంకటగిరి నుంచి వచ్చిన కొత్తలో నాది సినిమాల తమిళం.
పద్నాలుగో మంచం ముత్తుక్కరుప్పన్‌ని
"వలి ఎంగే" అని అడగబోయి
"వళి ఎంగే" అని అడిగాను.
నొప్పెక్కడ అనబోయి, దారెక్కడ అన్నాను.
ఎక్స్‌రే కవరుతో విసురుకుంటున్న మనిషి
పొట్ట పట్టుకుని నవ్వి, తలుపు చూపించాడు.
"నేనూ అదే వెతుకుతుండా తాయీ."
నేల తుడుస్తున్న పెంచలమ్మ తలెత్తకుండానే అనింది:
"నాలిక మడవబాక పాపా.
మడిస్తే దారి, మడవకుంటే నొప్పి. అంతే తేడా."
ఇంతకన్నా మంచి లెక్చర్ ఇప్పటిదాకా వినలేదు.

ఆయన ప్లీహం మా బ్యాచ్‌కి పాఠ్యపుస్తకం.
ఎడమ డొక్క కింద చెయ్యి. ఊపిరి తీసుకో. పట్టు. వదులు.
నెక్స్ట్.
నా వంతు వచ్చేసరికి పదహారు చేతులయ్యాయి,
లెక్క నాది కాదు, ఆయనదే.
భయానికి చల్లబడ్డ నా వేళ్ళు తగలగానే ఉలిక్కిపడి,
కసరలేదు,
వాటిని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దాడు,
తడికట్టెల పొయ్యి రాజేసే ఓపికతో.
"ఇప్పుడు చూడు."
అప్పుడు దొరికింది
ఊపిరితోబాటు కిందికి దిగి
వేలి చివర తట్టి వెనక్కెళ్ళిపోయే అంచు.
ఆ తర్వాత ఏ రోగిని తాకబోయినా
ముందు నా చేతుల్ని నేను రుద్దుకుంటాను.
ఇది పద్ధతి పుస్తకంలోనూ ఉందని తర్వాతెప్పుడో చదివాను.

యాభై వాక్యాలూ అయిపోయాయి.
ఆయన ఎక్కడా రాలేదు. పెంచలమ్మా రాలేదు.
ప్రొజెక్టర్ ఉంది, లైబ్రరీ ఉంది, హాస్టల్ నీళ్ళున్నాయి.

చివర రెండు గీతల జాగా: ఇంకేమైనా చెప్పదలిస్తే.
చాలాసేపు చూశాను.
ముందు వరసల్లో కాగితాలు వెనక్కి తీసుకుంటున్నారు.

రాశాను:
పద్నాలుగో మంచం మీద ఫ్యాను
జనవరి నుంచి తిరగడం లేదు.

గుండ్రంగా, రికార్డు పుస్తకాల్లో రాసినట్టే,
ఎవరైనా గుర్తుపట్టేలా.

ఆ మంచం మీద ఇప్పుడెవరో కుర్రాడు.
పేరింకా అడగలేదు.